భూమి ఊపిరి: అగ్నిపర్వత రంధ్రాలు, వాటి వాయువులు

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. అగ్నిపర్వతం దగ్గర ఈ సామెత రెండు వైపులా తప్పుతుంది. శిఖరం మీద తెల్లగా లేచేది పొగ కాదు. అందులో అధికభాగం నీటి ఆవిరి. అడుగున ఉన్నది నిప్పూ కాదు. అక్కడ కట్టెలా, బొగ్గులా ఏదీ మండడం లేదు, రాయి కరిగి ఉంది, అంతే. అయినా పేరు మాత్రం అగ్నిపర్వతమని స్థిరపడిపోయింది. ఎర్రటి లావా పారే బొమ్మలే మన పాఠ్యపుస్తకాల్లోనూ, సినిమాల్లోనూ చూస్తూ పెరిగాం గనుక, అగ్నిపర్వతం అంటే లావా, లావా అంటే అపాయం అనుకోవడం కద్దు.

నిజానికి లావా చాలాచోట్ల మనిషి నడక కంటే నెమ్మదిగానే సాగుతుంది. ఇళ్ళనూ తోటలనూ మింగుతుంది గాని, మనుషులు సాధారణంగా తప్పుకోగలుగుతారు. కంటికి కనిపించని వాయువులకు ఆ మర్యాద లేదు. కరిగిన రాతిని పైకి ఎత్తేది వాయువులే. పేలుడుకు మందుగుండు అవే. వందల మైళ్ళ అవతల ఉన్న పంటలనూ పశువులనూ దెబ్బతీసేవీ అవే. అంతేకాదు, భూకంపాలూ నేల ఉబ్బడమూ కింద ఏదో కదులుతోందని చెబుతాయి; ఆ కదిలేది ఏమిటో దాని తునకను పట్టుకొచ్చి మన చేతికిచ్చేది మాత్రం వాయువే. ఈ సమాచారాన్ని సరిగా చదవగలిగిన చోట వేలమంది బతికారు. వాయువు తగ్గిందంటే కొండ చల్లబడిందని అనుకున్న చోట శాస్త్రజ్ఞులే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ చదవడం ఎలాగో, అందులో చిక్కు ఎక్కడుందో ఈ వ్యాసంలో చూద్దాం.

రంధ్రాలలో రకాలు

అగ్నిపర్వతానికి ఒకే నోరు ఉంటుందనుకోవడం పొరపాటు. కొండకొనన ఉండే ముఖ్య బిలం ఒకటి. పక్కల నుంచి తన్నుకొచ్చే చిన్న బిలాలు మరికొన్ని. కొన్నిచోట్ల కొండే ఉండదు, మైళ్ళ పొడవున నేల చీలి, ఆ చీలిక వెంట వరసగా లావా చిమ్ముతుంది. ఇవన్నీ లావా వచ్చే దారులు. లావా ఏమీ రాకుండా కేవలం ఆవిరీ వాయువులూ మాత్రమే వచ్చే రంధ్రాలను ఫ్యుమరోల్స్ అంటారు. లాటిన్ భాషలో పొగకున్న పేరు నుంచి వచ్చింది ఈ మాట. వీటి వేడిమి నీరు మరిగే స్థాయి దగ్గర నుంచి, శిలాద్రవం పైపైనే ఉన్నచోట 900 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కూడా ఉండవచ్చు.

గంధకపు వాయువులు ఎక్కువగా వచ్చే రంధ్రాన్ని సోల్ఫటారా అంటారు. ఇది ఇటలీలో నేపుల్స్ పక్కనున్న పొజ్జువోలీ ఊరి బిలం పేరు. అక్కడ పెద్ద రంధ్రంలో వేడి సుమారు 160 డిగ్రీలు. రంధ్రాల అంచుల్లో పసుప్పచ్చని గంధకపు స్ఫటికాలు గూడు కడతాయి. ఇండొనేషియాలోని తూర్పు జావాలో కవా ఇజెన్ అనే కొండ ఉంది. అక్కడ ఆ రంధ్రాలకు గొట్టాలు బిగించి, వాయువును చల్లార్చి గంధకాన్ని ఎర్రటి ద్రవంగా రాబట్టి, గట్టిపడ్డాక గడ్డపారలతో పగలగొట్టి, కావడిలో 70 కిలోలకు తక్కువ కాని బరువుతో కూలీలు కొండెక్కి దిగడం లోకప్రసిద్ధం. నోటికి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని ఆ వాయువుల మధ్య పనిచేసినవాళ్ళు ఎందరో! రాత్రిపూట ఆ గంధకపు వాయువులు గాలి తగలగానే నీలిమంటతో మండుతాయి. అగ్నిపర్వతం దగ్గర నిజంగా 'మండేది' ఏదైనా ఉందంటే ఇదే.

మూడో రకం మోఫెట్. దీనిలో వేడి ఉండదు, వాసన ఉండదు, రంగు ఉండదు. వచ్చేది బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డై ఆక్సైడ్. నేపుల్స్ దగ్గరే 'కుక్కల గుహ' అని ఒకటి ఉంది. ఆ గుహలో నిలుచున్న మనిషికి ఏమీ కాదు, వెంట వచ్చిన కుక్క మాత్రం సొమ్మసిల్లి పడిపోయేది. వెనకటి రోజుల్లో యాత్రికులకు ఈ వింత చూపించి డబ్బులు పుచ్చుకునేవారు. ఇందులో మాయ లేదు. బొగ్గుపులుసు వాయువు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. అది నీళ్ళలాగే పల్లానికి చేరి, మనిషి మోకాటి ఎత్తున నిలిచింది. కుక్క ముక్కు ఆ మడుగులో మునిగింది, మనిషి ముక్కు మునగలేదు. ఈ చిన్న సంగతిని గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

అన్ని రంధ్రాలూ కింద శిలాద్రవం ఉన్నందువల్లే వస్తాయనీ చెప్పలేం. 1912లో అలాస్కాలో నోవారుప్త అగ్నిపర్వతం పేలి ఒక లోయనంతటినీ వేడి బూడిదతో నింపింది. నాలుగేళ్ళ తరువాత 1916లో రాబర్ట్ గ్రిగ్స్ అక్కడికి వెళితే లోయంతా లెక్కలేనన్ని ఆవిరి కాండాలు లేస్తున్నాయి. ఆయన దానికి 'పదివేల పొగల లోయ' అని పేరు పెట్టాడు. ఆ ఆవిరికి కారణం కింది శిలాద్రవం కాదు. వేడి బూడిద కింద చిక్కిన వాగుల నీళ్ళు మరిగాయి. బూడిద చల్లారగానే పొగలూ ఆగిపోయాయి, పేరొక్కటే మిగిలింది. వేరు ఉన్న రంధ్రమేదో, వేరు లేని రంధ్రమేదో తేల్చాలంటే ఆ వాయువులో ఏముందో పరీక్షించి చూడక తప్పదు.

వాయువులు ఎక్కడివి?

గోలీసోడా అందరికీ తెలిసిందే. గోలీ బిగిసి ఉన్నంతసేపు సీసాలో బుడగ కనబడదు. గోలీని లోపలికి నొక్కగానే బుసబుసమని పొంగుతుంది. ఆ వాయువు అప్పుడు పుట్టింది కాదు. ఒత్తిడిలో నీటిలో కరిగి ఉన్నది, ఒత్తిడి తగ్గగానే బయటపడింది. శిలాద్రవం సంగతీ అంతే. మైళ్ళ లోతున, పైనున్న రాళ్ళ బరువుకింద నీరు, బొగ్గుపులుసు వాయువు, గంధకం, క్లోరిన్, ఫ్లోరిన్ దానిలో కరిగి ఉంటాయి. శిలాద్రవం పైకి జరిగేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలు పుడతాయి. బుడగలు పుట్టిన ద్రవం తేలికై ఇంకా పైకి జరుగుతుంది. ఇంకా బుడగలు పుడతాయి. బరువులో నూటికి 5 వంతులు నీరున్న జిగురైన రయోలైట్ శిలాద్రవం ఒక ఘనమీటరు 900 డిగ్రీల వేడితో నేలమీదికి వస్తే, ఆవిరితో కలిసి దాదాపు 670 ఘనమీటర్లవుతుందని లెక్క. ఇంత వ్యాకోచానికి ఏ కొండ ఆగుతుంది? పల్చటి ద్రవమైతే బుడగలు తేలిగ్గా తప్పించుకుంటాయి, లావా ప్రశాంతంగా పారుతుంది. చిక్కటి ద్రవంలో బుడగలు చిక్కుబడి, చివరికి రాతినే తుత్తునియలు చేసి బూడిదగా ఎగరగొడతాయి. ఒక కొండ ఎందుకు పారుతుంది, మరో కొండ ఎందుకు పేలుతుంది అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇదే.

అన్ని వాయువులూ ఒకేసారి బయటపడవు. బొగ్గుపులుసు వాయువుకు శిలాద్రవంలో కరిగే గుణం తక్కువ, కాబట్టి అది ఎంతో లోతులోనే విడివడి ముందుగా పైకొస్తుంది. గంధకం తరువాత. క్లోరిన్, ఫ్లోరిన్ వర్గపు ఆమ్లాలు ఇంకా ఆలస్యంగా, ద్రవం ఉపరితలానికి దగ్గర పడ్డాక. అంటే రంధ్రంలోంచి వచ్చే వాయువుల పాళ్ళు చూసి కింద శిలాద్రవం ఏ లోతుకు చేరిందో ఊహించవచ్చు. బొగ్గుపులుసు వాయువు పాలు హఠాత్తుగా పెరిగితే లోతులోకి కొత్త ద్రవం వచ్చి చేరిందేమోనని అనుమానించాలి. గంధకపు వాయువు పెరిగితే అది పైపైకి వచ్చిందేమోనని చూడాలి.

ఏ వాయువు ఏం చేస్తుంది?

అన్నిటికన్నా ఎక్కువ నీటి ఆవిరి. దానికదిగా విషం కాదు గాని ఒళ్ళు కాలుస్తుంది. రెండోది బొగ్గుపులుసు వాయువు. దాని సంగతి పైన చెప్పుకున్నాం. మూడోది సల్ఫర్ డై ఆక్సైడ్. అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకి ఘాటుగా తగిలే వాసన దీనిదే. కళ్ళు మండుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊపిరాడదు. గాలిలోని తేమతో కలిసి సూక్ష్మమైన గంధకామ్లపు తుంపరలవుతుంది. నాలుగోది హైడ్రోజన్ సల్ఫైడ్. మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో కిప్ పరికరం దగ్గర నిలబడిన ప్రతి విద్యార్థికీ ఈ కుళ్ళిన గుడ్ల కంపు తెలుసు. ఇందులో ఒక మోసం ఉంది. తక్కువగా ఉన్నప్పుడు కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కుకున్న వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. కంపు పోయింది కదా అనుకున్న క్షణమే ప్రాణాపాయం. ఇక హైడ్రోజన్ క్లోరైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ పరిమాణంలో తక్కువే. అయినా ఫ్లోరిన్ చేసిన ఘోరం తక్కువది కాదు.

లాకీ: 1783

ఐస్‌లాండ్‌లో 1783 జూన్ 8న లాకీ అనే చోట 27 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. ఆ చీలిక మీద నూటికి పైగా బిలాలు వరసకట్టి తెరుచుకున్నాయి. 1784 ఫిబ్రవరి దాకా, ఎనిమిది నెలలు అది ఆగలేదు. సుమారు 14 ఘన కిలోమీటర్ల లావా పారింది. ఆ లావా ఊళ్ళను కప్పింది నిజమే, కాని దేశాన్ని కూల్చింది లావా కాదు. దానితో పాటు సుమారు 12 కోట్ల టన్నుల సల్ఫర్ డై ఆక్సైడు, 80 లక్షల టన్నుల ఫ్లోరిన్ వర్గపు వాయువులు వెలువడ్డాయి. ఫ్లోరిన్ బూడిదతో పాటు గడ్డి మీద పడింది. ఆ గడ్డి మేసిన గొర్రెలకు పళ్ళు, ఎముకలు వికృతంగా పెరిగాయి. గొర్రెల్లో నూటికి 80 దాకా, పశువుల్లో, గుర్రాల్లో సగం దాకా చచ్చిపోయాయి. పశువులు పోయాక కరువు. ఆ దేశ జనాభా అప్పుడు 50 వేల లోపు. అందులో సుమారు ఐదోవంతు పోయారు. యోన్ స్టెయిన్‌గ్రిమ్సన్ అనే క్రైస్తవ మతాచార్యుడు కళ్ళారా చూసి రాసిపెట్టిన వివరాలు ఇవాళ్టికీ శాస్త్రజ్ఞులకు ఆధారం.

పళ్ళు, ఎముకలు అన్న మాట వినగానే మన నల్లగొండ గుర్తుకు రాక మానదు. అక్కడి ఫ్లోరైడు అగ్నిపర్వతానిది కాదు. గ్రానైటు రాళ్ళలోంచి భూగర్భజలంలోకి ఊరింది. ఇలాంటి ఫ్లోరోసిస్‌ను అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి 1937లోనే వైద్యులు వ్యాసం ప్రకటించారు. దారి వేరు, మూలకం ఒకటే. లాకీ దగ్గర ఒక్క వేసవిలో గాలి మోసుకొచ్చినదాన్ని, మనవాళ్ళు ఏళ్ళ తరబడి బావినీళ్ళలో, బోరునీళ్ళలో తాగారు. ఐస్‌లాండ్ గొర్రె గురించి చదివేటప్పుడు నడుము వంగిన మన రైతును తలుచుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది.

లాకీ మబ్బు ఐరోపా అంతటా కమ్మింది. సూర్యుడు మసకబారాడు, గంధకపు వాసన వచ్చింది. అప్పుడు పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆ తరువాత వచ్చిన కఠినమైన చలికాలానికి ఈ మబ్బే కారణం కావచ్చుననీ, అది ఐస్‌లాండ్ అగ్నిపర్వతం నుంచి వచ్చిందేమోననీ 1784లో రాశాడు. అగ్నిపర్వతానికీ వాతావరణానికీ ముడిపెట్టిన తొలి ఊహల్లో అదొకటి.

న్యోస్: 1986

ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ అనే సరస్సు ఉంది. పాత అగ్నిపర్వత బిలంలో నీరు నిలిచి ఏర్పడినది; లోతు రెండు వందల మీటర్లకు పైమాటే. 1986 ఆగస్టు 21 రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో ఆ సరస్సు పొంగింది. లావా లేదు, బూడిద లేదు. తెల్లవారేసరికి చుట్టుపక్కల గ్రామాల్లో 1,746 మంది, వేలాది పశువులు చచ్చిపడి ఉన్నాయి. 25 కిలోమీటర్ల దూరం దాకా ఇదే స్థితి. ఇళ్ళు చెక్కుచెదరలేదు. కొందరి ఇళ్ళలో నూనె ఇంకా మిగిలి ఉండగానే దీపాలు ఆరిపోయి ఉన్నాయి.

దీపం మాట మన పల్లెవాళ్ళకు కొత్త కాదు. పాడుబడ్డ బావిలోకి దిగేముందు దీపం దించి చూసే అలవాటు మన ఊళ్ళలో ఉంది. దీపం ఆరితే దిగరు. బావి అడుగున ఆకులు అలములు కుళ్ళడం వల్ల చేరే బొగ్గుపులుసు వాయువుకూ, న్యోస్ వాయువుకూ గుణంలో తేడా లేదు. (దీపం పరీక్ష అన్ని విషవాయువులనూ పట్టలేదు గనుక, ఇవాళ పరికరాలున్న చోట వాటినే నమ్మడం మంచిది.) తేడా అల్లా పరిమాణంలోనే. సరస్సు అడుగున ఉన్న రాళ్ళ పగుళ్ళలోంచి ఏళ్ళ తరబడి బొగ్గుపులుసు వాయువు ఊరి, లోతునీటి ఒత్తిడిలో కరిగి ఉండిపోయింది. ఆ నీరు బరువు గనుక పైకి రాలేదు. ఏదో ఒక కారణాన అడుగు నీరు కొంత పైకి లేచింది, ఒత్తిడి తగ్గింది, బుడగలు పుట్టాయి, ఆ బుడగలు మరింత నీటిని లాగాయి. మళ్ళీ ఆ గోలీసోడాయే, కాకపోతే సీసా కొండంత. బయటపడిన వాయువు గాలి కంటే బరువు గనుక లోయల వెంట ఏరులా పారింది. కుక్కల గుహలో మోకాటి ఎత్తున నిలిచినది ఇక్కడ నిద్రపోతున్న ఊళ్ళను ముంచేసింది.

రెండేళ్ళ ముందే, 1984 ఆగస్టు 15న, అదే దేశంలోని మొనూన్ సరస్సు దగ్గర 37 మంది ఇలాగే పోయారు. అప్పుడు దాని కారణం లోకానికి సరిగా అర్థం కాలేదు. న్యోస్ తరువాత గాని ఈ రెండూ ఒకటేనని తేలలేదు. ఇక్కడ ఇంజనీర్లు చేసిన ఉపాయం చూడముచ్చటైనది. 2001లో సరస్సు అడుగుదాకా ఒక గొట్టం దించి, పంపుతో కొంచెం నీటిని పైకి లాగారు. ఒకసారి బుడగలు మొదలయ్యాక పంపుతో పనిలేదు. వాయువే నీటిని పైకి చిమ్ముతుంది. దాదాపు 50 మీటర్ల ఎత్తున ధార లేచి, ప్రాణాలు తీసిన వాయువును కొంచెం కొంచెంగా గాలిలో కలిపేస్తుంది. 2011లో మరికొన్ని గొట్టాలు వేశారు. ఊళ్ళను ఊడ్చిన శక్తితోనే ఊళ్ళకు కాపలా పెట్టారన్నమాట.

ఇలాంటి సరస్సే రువాండా, కాంగో దేశాల మధ్య కివూ ఉంది. అది న్యోస్ కన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఒడ్డున లక్షలాది జనం. అందులో కరిగి ఉన్న మీథేనును తోడి 2016 నుంచి రువాండాలో విద్యుత్తు తీస్తున్నారు. ఆ ప్రాంతంలోనే గోమా నగరం చుట్టూ పల్లపు గుంటల్లో బొగ్గుపులుసు వాయువు నిలిచి పశువులనూ పిల్లలనూ బలిగొనడం ఉంది. అక్కడి స్వాహిలీ భాషలో వాటిని 'మజూకూ' అంటారు. దుష్టగాలి అని అర్థం. శాస్త్రజ్ఞులు కూడా ఇప్పుడు ఆ మాటనే వాడుతున్నారు.

వాయువును కొలవడం

రంధ్రం దగ్గరికి వెళ్ళి నమూనా పట్టుకోవడం పాత పద్ధతి. గాలి తీసేసిన గాజుసీసాలో కాస్టిక్ సోడా ద్రావణం పోసి, గొట్టం గుండా వాయువును ఎక్కిస్తారు. ఆమ్ల వాయువులు ద్రావణంలో కరుగుతాయి, మిగతావి పైభాగాన నిలుస్తాయి. న్యూజీలాండ్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త వెర్నర్ గిగ్గెన్‌బాక్ పేరుమీద దీన్ని గిగ్గెన్‌బాక్ సీసా అంటారు. పద్ధతి కచ్చితమైనదే, కాని మనిషి బిలం అంచు దాకా పోవాలి.

దూరం నుంచి కొలిచే పద్ధతి 1970లలో వాడుకలోకి వచ్చింది. సల్ఫర్ డై ఆక్సైడు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. మబ్బు కింద కారులోనో, విమానంలోనో పోతూ ఆ కిరణాలు ఎంత తగ్గాయో చూస్తే రోజుకు ఎన్ని టన్నుల వాయువు వస్తోందో లెక్క తేలుతుంది. మొదట కర్మాగారాల పొగగొట్టాల కోసం తయారైన పరికరమిది. 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ పేలినప్పుడు ఉపగ్రహం నుంచే ఆ మబ్బును కొలవగలిగారు. ఇప్పుడు ఉపగ్రహాలు రోజూ భూగోళమంతా చూస్తున్నాయి. డ్రోన్లు బిలంలోకి దిగి వస్తున్నాయి.

పినతూబో, గలెరాస్: రెండు పాఠాలు

ఫిలిప్పీన్స్‌లోని పినతూబో కొండ సుమారు 500 ఏళ్ళు నిద్రపోయి, 1991 ఏప్రిల్ 2న ఆవిరి పేలుళ్ళతో మేలుకుంది. మే 13న రోజుకు సుమారు 500 టన్నుల సల్ఫర్ డై ఆక్సైడు వస్తున్నట్టు కొలిచారు. మే 28కి అది 5,000 టన్నులు దాటింది. కొత్త శిలాద్రవం పైకి వస్తోందనడానికి ఇది సాక్ష్యం. ఇంతలో జూన్ మొదటివారంలో ఆ లెక్క హఠాత్తుగా 300 టన్నుల లోపుకు పడిపోయింది. కొండ శాంతించిందని అనుకోవచ్చు గదా? అక్కడి శాస్త్రజ్ఞులు అలా అనుకోలేదు. అదే సమయంలో భూకంపాలు తగ్గలేదు. వాయువు రావడం ఆగలేదనీ, దారి మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతోందనీ భయపడ్డారు. ప్రమాద హెచ్చరిక స్థాయి పెంచారు, జనాన్ని తరలించారు. జూన్ 10కి వాయువు 13,000 టన్నులు దాటింది. జూన్ 15న కొండ పేలింది. ఇరవయ్యో శతాబ్దపు మహా పేలుళ్ళలో అది రెండోది. అదేరోజు తుపాను కూడా వచ్చి, తడిసిన బూడిద బరువుకు ఇళ్ళ కప్పులు కూలి వందలమంది పోయారు. కాని ఆ తరలింపు వల్ల కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని అంచనా.

రెండో పాఠం కఠినమైనది. 1993 జనవరిలో కొలంబియాలోని పాస్తో నగరంలో అగ్నిపర్వత శాస్త్రజ్ఞుల సదస్సు జరిగింది. ఊరి పక్కనే గలెరాస్ కొండ. జనవరి 14న కొందరు శాస్త్రజ్ఞులు బిలంలోకి దిగారు. వాయువు తక్కువగానే వస్తోంది, కొండ నిశ్శబ్దంగానే ఉంది. ఒక బృందం గురుత్వాకర్షణ కొలుస్తోంది. రష్యా నుంచి వచ్చిన వాయువుల నిపుణుడు ఈగోర్ మెన్యాయిలోవ్ రంధ్రం దగ్గర నమూనాలు పడుతున్నాడు. మధ్యాహ్నం కొండ ఉన్నట్టుండి పేలింది. ఆరుగురు శాస్త్రజ్ఞులు, చూడ్డానికి వచ్చిన ముగ్గురు, మొత్తం తొమ్మిదిమంది చనిపోయారు. భూకంప లేఖినిపై మరమేకు ఆకారంలో సన్నగిల్లుతూ పోయే కొన్ని వింత గీతలు అంతకుముందు నమోదయ్యాయి. 1992 జూలైలో అదే కొండ పేలేముందు కూడా అలాంటివే వచ్చాయి. బిలం మూసుకుపోయి లోపల వాయువు బిగిసిందనడానికి అవి గుర్తులని తరువాత చాలామంది భావించారు.

రెండు కొండల దగ్గరా అంకె ఒకటే చెప్పింది: వాయువు తక్కువ. ఒకచోట దాని పక్కన భూకంపాల లెక్కను పెట్టి చదివారు. మరోచోట ఆ పని పూర్తిగా జరగలేదు. ఒక్క కొలతను నమ్ముకోకూడదనీ, తగ్గుదలకు కూడా కారణం అడగాలనీ నేర్పిన రోజులివి. పోయినవాళ్ళు అజాగ్రత్తపరులని తీర్పు చెప్పడం తేలిక. వాళ్ళు తెచ్చిన నమూనాల మీదనే మన ఈ జ్ఞానమంతా నిలబడి ఉందన్నది మరవకూడదు.

వాతావరణం మీద ప్రభావం

ఒక వాదన తరచు వినిపిస్తూంటుంది: అగ్నిపర్వతాలే అంత బొగ్గుపులుసు వాయువు వదులుతుంటే మన కార్లూ కర్మాగారాలూ ఎంత? లెక్క తిరగబడి ఉంది. మనం బొగ్గు, పెట్రోలు, గ్యాసు కాల్చి ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు వదులుతున్నాం. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి వదిలేది అందులో ఒక శాతానికి లోపే. పెద్ద పేలుళ్ళు చేసేది తాత్కాలికంగా చల్లబరచడం. పినతూబో సుమారు ఒకటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డై ఆక్సైడును స్ట్రాటోస్ఫియరులోకి ఎక్కించింది. ఆ ఆమ్లపు తుంపరలు ఎండను అడ్డగించి 1992లో భూగోళపు సగటు ఉష్ణోగ్రతను సుమారు అర డిగ్రీ తగ్గించాయి. 2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రగర్భంలో పేలిన హుంగా అగ్నిపర్వతం దీనికి భిన్నం. అది గంధకం తక్కువ, నీటి ఆవిరి ఎక్కువ ఎక్కించింది. దాదాపు 15 కోట్ల టన్నులు. అంటే ఏ పేలుడు ఏం చేస్తుందో దాని బూడిద ఎత్తు చూసి చెప్పలేం, దాని వాయువుల లెక్క చూసే చెప్పాలి.

మన నేలమీద

భారతదేశంలో ఇప్పుడు సజీవంగా ఉన్న అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్‌లోని బ్యారెన్ దీవి. 2024 నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా 140 కిలోమీటర్ల లోపున ఉంది. సుదీర్ఘ విరామం తరువాత 1991లో మళ్ళీ మేలుకుని, అప్పటినుంచి అప్పుడప్పుడు బూడిద, లావా చిమ్ముతోంది. మనుషులు నివసించని దీవి గనుక జననష్టం లేదు. మన గోదావరి లోయలో మణుగూరు ప్రాంతపు వేడినీటి బుగ్గలను చూసి కింద అగ్నిపర్వతం ఉందనుకునేవారున్నారు. అది నిజం కాదు. వాననీరు పగుళ్ళ గుండా లోతుకు దిగి, భూమి సహజమైన వేడికి కాగి పైకి వస్తుంది.

అయితే మన పాదాల కిందనే అంతకు వెయ్యిరెట్ల గాథ ఉంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిలో లావా పొరలు పొరలుగా పారింది. ఇవాళ్టికీ అది దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. మన ఆదిలాబాదు, వికారాబాదు వైపు నల్లరేగడికి తల్లిరాయి అదే. రాజమహేంద్రవరం, కొవ్వూరు, పంగిడి దగ్గరి నల్లరాయి కూడా ఆ కాలపుదే. పడమటి దిక్కు నుంచి పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిన లావా అని భూశాస్త్రజ్ఞుల్లో పలువురి అభిప్రాయం. డైనోసార్లు అంతరించింది కూడా ఆ రోజుల్లోనే. మెక్సికో తీరాన పడిన గ్రహశకలం ప్రధాన కారణమని ఎక్కువమంది అంగీకరించినా, దక్కను బిలాలు వదిలిన బొగ్గుపులుసు, గంధకపు వాయువుల పాలు ఎంత అన్న వాదం ఇంకా తెగలేదు. ఆ గాలి ఎప్పుడో చెదిరిపోయింది. మరి లెక్క తేల్చడం ఎలా?

దానికి సాక్ష్యం ఆ రాతిలోనే ఉంది. వికారాబాదు అనంతగిరి దారిలోనో, కొవ్వూరు దగ్గరి కంకర క్వారీల్లోనో నల్లరాయి ముక్క ఒకటి చేతికి తీసుకుని చూడండి. కొన్ని ముక్కల నిండా బఠాణీగింజలంత గుంటలు కనిపిస్తాయి. కొన్ని ఖాళీగా ఉంటాయి, కొన్నిటిలో తెల్లటి ఖనిజం నిండి ఉంటుంది. ఒక్కొక్క గుంటా ఒక్కొక్క బుడగ. లావా గడ్డకట్టే వేళ బయటికి పోదామని బయలుదేరి, పోలేక రాతిలో చిక్కుకున్న వాయువు తాలూకు అచ్చు అది. దక్కను రాళ్ళ స్ఫటికాల్లో చిక్కుకున్న అతి సూక్ష్మమైన శిలాద్రవపు బిందువులను పరీక్షించి, ఆనాటి వాయువుల లెక్క కట్టే పని ఇప్పుడు జరుగుతోంది. రసాయనశాస్త్రం చదివేవాళ్ళకు, భూశాస్త్రం చదివేవాళ్ళకు, భౌతికశాస్త్రం చదివేవాళ్ళకు కూడా అందులో చేయవలసిన పని ఉంది. ఐస్‌లాండ్‌కో, జావాకో పోనవసరం లేదు. ఈసారి క్షేత్ర పర్యటనకు వెళ్ళినప్పుడు సుత్తితో పాటు ఒక భూతద్దం కూడా సంచీలో వేసుకోండి.